కరెంటు పెట్టాల్సింది నడిచేటప్పుడు

ఫైబ్రోమయాల్జియా (నెలల తరబడి ఒళ్లంతా నొప్పులు, అలసట ఉండే జబ్బు) అని తేలినవాళ్ల మందుల చీటీ చూడండి. చివరి వరుస దాదాపు అందరికీ ఒకటే: "రోజూ 30 నిమిషాలు నడక." మాత్ర పక్కన ఎన్ని మిల్లీగ్రాములో, తిన్నాకో తినకముందో, ఎన్ని రోజులో రాసిన డాక్టరే నడక దగ్గరికొచ్చేసరికి ఆ వివరాలేవీ రాయరు. ఆమె మర్నాడే (ఈ జబ్బు ఎక్కువగా కనబడేది ఆడవాళ్లలోనే) చెప్పులేసుకుని అరగంట నడుస్తుంది. ఆ పూట బాగానే ఉంటుంది. రెండో రోజు పొద్దున మంచం మీంచి లేవలేకపోతుంది. నెల తర్వాత డాక్టరు "నడుస్తున్నారా?" అంటారు. "నడిస్తే ఇంకా ఎక్కువవుతోందండీ" అంటుంది. "అలవాటైతే తగ్గుతుందమ్మా" అని మళ్లీ అదే చీటీ.

"అలవాటైతే తగ్గుతుంది" అన్నది నిజమే. ఐరోపా రుమటాలజీ (కీళ్లు, కండరాల జబ్బుల వైద్యం) సంఘాల కూటమి యూలార్ 2017లో సవరించిన సూచనల్లో గట్టిగా సిఫారసు చేసిన చికిత్స వ్యాయామం ఒక్కటే. మందుల్లో దేనికీ అంత గట్టి సిఫారసు లేదు. కాబట్టి వ్యాయామం పనిచేస్తుందా లేదా అన్న వాదన నాకు అక్కర్లేదు. చిక్కు ఎక్కడుందంటే, దాని మేలు తెలియడానికి ఎనిమిది, పన్నెండు వారాలు పడుతుంది. దాని నొప్పి మాత్రం మర్నాటికే వచ్చి కూర్చుంటుంది. ఈ మధ్య రోజులు ఎలా గడపాలో చెప్పకుండా వ్యాయామం చెయ్యమనడం సగం వైద్యమే. నొప్పి తగ్గించడానికి మనం చేసేవన్నీ, అంటే కరెంటు, కాపడం, మాత్ర, విశ్రాంతి, ఒంటిని కదపని గంటల్లో చేస్తున్నాం. అవన్నీ ఒళ్లు కదిలే గంట చుట్టూ పెట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బల్ల మీద పావుగంట

మన ఊళ్లలో ఫిజియోథెరపీ అంటే చాలామందికి "కరెంటు పెట్టించుకోవడం". పడుకోబెట్టి, వీపు మీద నాలుగు ప్యాడ్లు అంటించి, చర్మం మీంచి సన్నటి కరెంటు పంపి నొప్పి తగ్గించే ఐఎఫ్‌టీయో టెన్సో పావుగంట పెడతారు. పది రోజులు రమ్మంటారు. "పెట్టినంతసేపూ హాయిగా ఉంటుందండీ, ఇంటికొచ్చేసరికి మళ్లీ మామూలే" అన్న మాట ఫిజియోలకు కొత్తేం కాదు. ఆ మాటలోనే జవాబు కూడా ఉంది. టెన్స్ ప్రభావం ప్రధానంగా యంత్రం ఆన్‌లో ఉన్నంతసేపు, ఆపాక కొద్దిసేపు ఉంటుంది. ఆ కాస్త సమయాన్నీ పడుకోవడానికి ఖర్చుపెట్టేశాం. తర్వాత మెట్లు దిగడం, ఆటోలో గతుకుల రోడ్డు, ఇంట్లో వంట, వీటికి ఏమీ మిగల్లేదు.

దీనికి మంచి ఆధారమే ఉంది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయ బృందం 2013లో ప్రచురించిన ఒక చిన్న పరిశోధనలో, ఒక్కసారి టెన్స్ పెడితే కదిలేటప్పటి నొప్పి, అలసట తగ్గాయి. ఊరికే కూర్చున్నప్పటి నొప్పిలో మాత్రం తేడా రాలేదు. ఆ తర్వాత అయోవా, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయాలు కలిసి 301 మంది స్త్రీల మీద చేసిన పెద్ద పరిశోధన 2020లో వచ్చింది. ఒక గుంపుకు అసలు టెన్స్, ఒక గుంపుకు మొదట కాసేపు జివ్వుమనిపించి తర్వాత కరెంటు ఆగిపోయే ఉత్తుత్తి యంత్రం, మూడో గుంపుకు ఏమీ లేదు. రోజుకు 2 గంటల చొప్పున 4 వారాలు ఇంట్లో పనులు చేసుకుంటూనే పెట్టుకోమన్నారు. నొప్పిని కొలిచింది ఆరు నిమిషాల నడక పరీక్షలో. 10 అంకెల కొలతలో అసలు టెన్స్ గుంపుకు, ఉత్తుత్తి గుంపుతో పోలిస్తే సుమారు 1 అంకె, ఏమీ పెట్టుకోనివాళ్లతో పోలిస్తే సుమారు 1.8 అంకెలు ఎక్కువ తగ్గింది.

ఒక అంకె ఏపాటి అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. రోజంతా 6 దగ్గర ఉన్న నొప్పి 5కి వస్తే జీవితం మారిపోదు. కానీ నడక మొదలుపెట్టిన మూడో నిమిషంలో "ఇక చాలు, ఇంటికి పోదాం" అనిపించే చోట ఆ ఒక్క అంకె మరో మూడు నిమిషాలు ఇవ్వొచ్చు. మొదటి నెలలో కావలసింది ఆ మూడు నిమిషాలే. టెన్స్‌తో జబ్బు తగ్గదు. జబ్బును తగ్గించే పని చెయ్యడానికి కాస్త వెసులుబాటు దొరుకుతుంది.

ప్యాడ్లు, మీటలు, చెమట

సెల్‌ఫోన్ అంత టెన్స్ యంత్రాలు మందుల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. రెండు చానళ్లు, అంటే నాలుగు ప్యాడ్లు ఉన్నది తీసుకోవాలి. ఫ్రీక్వెన్సీ (సెకనుకు కరెంటు ఎన్నిసార్లు కొడుతుందో ఆ లెక్క, హెర్ట్జ్‌లలో) దానంతట అదే మారుతూ ఉండే మోడ్ ఉండాలి. 2020 పరిశోధనలో వాడింది 2 నుంచి 125 హెర్ట్జ్ మధ్య మారే కరెంటు, పల్స్ వెడల్పు (ఒక్కో దెబ్బ ఉండే సమయం) 200 మైక్రోసెకన్లు. మసాజర్ పేరుతో అమ్మే వాటి మీద చాలాసార్లు ఈ అంకెలేవీ ఉండవు, అవి వద్దు. కొన్ని యంత్రాల్లో కండరాన్ని బలవంతంగా ముడుచుకునేలా చేసే ఈఎంఎస్ మోడ్ కూడా ఉంటుంది. దాన్ని ముట్టుకోకూడదు.

తల వంచితే మెడ కింద ఒక పెద్ద ఎముక చేతికి తగులుతుంది. దానికి కాస్త కింద, వెన్నెముకకు రెండు వేళ్ల ఎడంలో, అటొకటి ఇటొకటి మొదటి జత. నడుము దగ్గర అలాగే రెండో జత. ప్యాడ్ వెన్నెముక మీద పడకూడదు, రెండు ప్యాడ్లు ఒకదానికొకటి తగలకూడదు. పెట్టాక కరెంటు మెల్లగా పెంచాలి. జివ్వుమనడం గట్టిగా తెలియాలి, కానీ నొప్పి పుట్టకూడదు, కండరం ఎగరకూడదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. భయపడి "కొంచెం తెలుస్తోంది చాలు" అని ఆపేస్తారు. అంత తక్కువ కరెంటుతో పెద్దగా ఉపయోగం ఉండదు. ఐదు, పది నిమిషాలకు ఒంటికి అలవాటై జివ్వుమనడం తగ్గిపోతుంది, అప్పుడు ఒకటి రెండు మెట్లు పెంచాలి. నడక మొదలుపెట్టడానికి 20, 30 నిమిషాల ముందు ఆన్ చేసి, నడిచినంతసేపూ ఉంచి, ఇంటికొచ్చి కూర్చున్నాక తీసేయాలి. ముట్టుకుంటేనే నొప్పి పుట్టే చర్మం కొందరిది. వాళ్లు మొదటి కొన్ని రోజులు ఇంట్లోనే, తక్కువ కరెంటుతో పది నిమిషాలు పెట్టి చూసుకోవాలి.

పని పాడయ్యేది చాలావరకు చిన్న విషయాల దగ్గరే. ఒంటికి నూనె, బామ్, పౌడరు ఏది రాసినా ప్యాడ్ అంటదు. సగమే అంటిన ప్యాడ్ అంచు దగ్గర కరెంటు చురుక్కుమంటుంది, "ఇది నాకు పడలేదు" అని యంత్రం బీరువాలోకి పోతుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి, ఆరాక అంటించాలి. మే నెలలో చెమటకు ప్యాడ్ జారుతుంది, కాబట్టి ఎండాకాలం ఫ్యాను కింద వరండాలోనో అపార్ట్‌మెంటు కారిడార్‌లోనో నడవడమే మేలు. వీపు బాగా దిగిన జాకెట్టు వేసుకుంటే పై ప్యాడ్ అంచు లేచిపోతుంది. చుడీదార్‌లో వైర్లు లోపలినుంచి తెచ్చి, యంత్రాన్ని నడుముకు కట్టుకునే చిన్న పర్సులో పెట్టుకోవచ్చు. తీసేటప్పుడు ముందు ఆఫ్ చెయ్యాలి, వైరు పట్టి లాగకుండా ప్యాడ్ అంచు పట్టుకుని తియ్యాలి, ప్లాస్టిక్ కాగితం మీద తిరిగి అంటించాలి. జిగురు ఎండితే ఒక చుక్క నీళ్లు. అప్పటికీ అంటకపోతే కొత్త జత కొనాలి, పాతదాన్ని ప్లాస్టర్ వేసి అతికించకూడదు.

పేస్‌మేకర్ గానీ, గుండెలో అమర్చిన మరే పరికరం గానీ ఉన్నవాళ్లు టెన్స్ వాడకూడదు. గర్భిణులు నడుము మీద, పొట్ట మీద పెట్టకూడదు. మూర్ఛ జబ్బు ఉంటే డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. మెడ ముందు భాగం మీద, తల మీద, పుండు మీద, క్యాన్సర్ ఉన్న చోట, రక్తం గడ్డకట్టిన కాలి మీద ఎవరికైనా నిషేధమే. బండి నడుపుతూ, నిద్రపోతూ, నీళ్లలో ఉండి వాడేది కాదు ఇది.

మరో సందేహం: రోజూ పెడితే పనిచెయ్యడం మానేస్తుందా? ఒకే ఫ్రీక్వెన్సీతో, ఒకే తీవ్రతతో రోజూ పెడితే నాలుగైదు రోజుల్లోనే ప్రభావం పలచబడుతుందని జంతువుల మీది పరిశోధనల్లో తేలింది. మారే ఫ్రీక్వెన్సీ కావాలన్నదీ, తీవ్రత పెంచుకోమన్నదీ అందుకే. ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి) మాత్రలు రోజూ వేసుకునేవాళ్లకు తక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు సరిగా పనిచెయ్యకపోవచ్చు. తక్కువ ఫ్రీక్వెన్సీ టెన్సూ ఆ మాత్రా శరీరంలో ఒకే దారిన వెళ్తాయి, రోజూ వేసే మాత్రకు ఆ దారి అప్పటికే అలవాటుపడి ఉంటుంది. వాళ్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీ మోడ్ పెట్టుకోవాలి.

ఏ కదలికకు నొప్పి ఎక్కువ

వ్యాయామం చేస్తుంటే మామూలు మనిషికి నొప్పి తెలిసే గీటు పైకి జరుగుతుంది. కాసేపు ఒళ్లు మొద్దుబారినట్టు అవుతుంది. ఫైబ్రోమయాల్జియాలో చాలామందికి ఇది జరగదు, కొందరిలో తిరగబడుతుంది కూడా. స్వీడన్ పరిశోధకులు 1996లో ప్రచురించిన ఒక ప్రయోగంలో తొడ కండరాన్ని బిగబట్టి ఉంచమన్నారు. ఆరోగ్యవంతులకు ఆ కండరం మీద నొక్కితే పుట్టే నొప్పి తగ్గింది, ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లకు పెరిగింది. పని కొద్దిపాటిదే. బిగబట్టి ఉంచడం దగ్గర తేడా వచ్చింది.

కాబట్టి ఎంత సేపు చేశామన్న దానికి ముందు కండరం ఎలా పనిచేసిందో చూడాలి. ముడుచుకోవడం, వదలడం, మళ్లీ ముడుచుకోవడం ఫరవాలేదు. ముడిచి అలాగే పట్టి ఉంచితే నొప్పి పెరుగుతుంది. సాగుతూ బరువు ఆపే పని అన్నిటికంటే కష్టం. మెట్లు దిగడం, పల్లం దిగడం, బరువైన బిందెను మెల్లగా నేల మీద దించడం అన్నీ అలాంటివే. వాటి నొప్పి వెంటనే రాదు. ఒకటి నుంచి రెండు రోజుల మధ్య బాగా పెరుగుతుంది. "నిన్న ఏమీ చెయ్యలేదే, ఇవాళ ఎందుకిలా?" అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు మొన్నటి మెట్లలో ఉంటుంది.

యోగా క్లాసులతో నాకున్న పేచీ కూడా ఇదే. వీరభద్రాసనంలో ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా నిలబెట్టడం, పన్నెండు సూర్య నమస్కారాలు గబగబా చేయించడం ఈ జబ్బుకు ఎదురుపోయే పద్ధతులు. ఆసనంలోకి వెళ్లి, రెండు శ్వాసలకే బయటికొచ్చి, కండరం పూర్తిగా వదులయ్యాక మళ్లీ వెళ్లొచ్చు. సూర్య నమస్కారాన్ని కుర్చీ పట్టుకుని రెండు సార్లు చేస్తే మొదటి నెలకు చాలు. "పూర్తిగా చెయ్యకపోతే ఫలితం ఉండదు" అనే గురువుగారికి ఈ జబ్బు సంగతి ముందే చెప్పాలి. అయినా ఒత్తిడి చేస్తుంటే ఆ క్లాసు మానెయ్యడం మేలు. ఆగకుండా, బిగబట్టకుండా నెమ్మదిగా సాగే చైనా వ్యాయామం తాయ్ చీ మీద 226 మందితో చేసిన పరిశోధన 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. వారానికి రెండుసార్లు 24 వారాలు తాయ్ చీ చేసినవాళ్లకు అంతే కాలం ఏరోబిక్ వ్యాయామం చేసినవాళ్లకంటే ఎక్కువ మేలు కనబడింది. మన దగ్గర నేర్పేవాళ్లు తక్కువ గానీ, ఆ కదలికల తీరు గమనించదగ్గది.

ఆరు నిమిషాల నడక

"మీరు ఎంతసేపు నడవగలరు?" అని అడిగితే అందరూ మంచి రోజు లెక్క చెబుతారు. మొదలుపెట్టాల్సింది చెడ్డ రోజు లెక్కతో. ఒళ్లు బాగా సలుపుతున్న రోజున ఎంతసేపు నడిస్తే మర్నాడు, ఆ తర్వాతి రోజు నొప్పి పెరగలేదో అది మీ కొలత. అది 12 నిమిషాలనుకుందాం. అందులో సగం, అంటే 6 నిమిషాలతో మొదలుపెట్టాలి. ఆ ఆరు కూడా ఒకే దఫా కాదు. 2 నిమిషాలు నడక, 1 నిమిషం ఆగి నిలబడటమో కూర్చోవడమో, మళ్లీ 2, మళ్లీ ఆగడం, మళ్లీ 2. వేగం ఎంతంటే, పక్కనున్నవాళ్లతో ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలగాలి.

ఒక చిన్న పుస్తకంలో రోజుకు మూడు అంకెలు రాసుకోవాలి. నడవకముందు నొప్పి 10కి ఎంత, నడుస్తుండగా అన్నిటికంటే ఎక్కువ ఎంత, మర్నాడు పొద్దున ఎంత. నడుస్తుండగా 2 అంకెల దాకా పెరిగితే కంగారుపడక్కర్లేదు, కానీ మర్నాటి పొద్దుటికి మొదటి అంకె దగ్గరికి దిగాలి. వారమంతా అలా దిగుతూ వస్తే మొత్తం సమయానికి ఒక నిమిషం కలపొచ్చు. ఒక్క మంచి రోజు చూసి పెంచకూడదు. పెంచాక రెండు రోజులు ఆగి చూడకుండా మళ్లీ పెంచకూడదు. ఆలస్యంగా వచ్చే నొప్పి అప్పటికి ఇంకా బయటపడి ఉండదు. ఈ లెక్కన 6 నుంచి 20 నిమిషాలకు చేరడానికి మూడు నెలలకు పైనే పడుతుంది. ఇంత నెమ్మది దేనికని ఇంట్లోవాళ్లు అంటారు. మూడు నెలల్లో నాలుగుసార్లు మంచాన పడి, నాలుగుసార్లు మొదటికొచ్చే పద్ధతికంటే ఇదే తొందరగా చేరుస్తుంది.

పొద్దున 5 గంటలకు పార్కుకు వెళ్లడం మనకు గొప్ప అలవాటు. ఈ జబ్బుకు మాత్రం అది మంచి వేళ కాదు. లేవగానే ఒళ్లంతా పట్టేసి ఉంటుంది, ఈ జబ్బుకు రాత్రి వేసుకున్న ఎమిట్రిప్టిలిన్ మాత్ర మత్తు కూడా పూర్తిగా దిగదు. పది, పదకొండు గంటల మధ్య ఇంట్లోనే, లేదా సాయంత్రం ఐదు దాటాక నడిస్తే చాలామందికి అదే దూరం తక్కువ నొప్పితో పూర్తవుతుంది. కాపడం కూడా అప్పుడే పనికొస్తుంది. నడకకు ముందు పది నిమిషాలు వేడినీళ్ల స్నానమో, భుజాలకీ నడుముకీ హాట్ వాటర్ బ్యాగో, ఆ తర్వాత భుజాలు, మోకాళ్లు, చీలమండలు నెమ్మదిగా తిప్పడం. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు వేడిని మోచేత్తో చూసుకోవాలి, బ్యాగు పెట్టుకుని నిద్రపోతే చర్మం కాలుతుంది. నీళ్లలో వ్యాయామం చాలా హాయి, కానీ నీళ్లు 32 డిగ్రీల పైన ఉంటేనే. చల్లటి ఈతకొలనులో కండరాలు బిగుసుకుంటాయి.

"ఇంటి పనే వ్యాయామం కదా"

ఈ మాట ప్రతి ఇంట్లో వినబడుతుంది. భర్తలు అంటారు, అత్తగార్లు అంటారు, కొందరు డాక్టర్లు కూడా అంటారు. కండరాల లెక్కలో ఇంటి పని వ్యాయామానికి దాదాపు వ్యతిరేకం. చపాతీ పిండి కలుపుతున్నంతసేపూ భుజాలు బిగిసే ఉంటాయి. దండెం మీద బట్టలు ఆరేస్తున్నంతసేపూ చేతులు తలకంటే ఎత్తులో ఉంటాయి. వంగి తడిగుడ్డ పెడుతుంటే నడుము సాగుతూ బరువు ఆపుతూ ఉంటుంది. పైగా రెండు నిమిషాలు చేసి ఒక నిమిషం ఆగుదామంటే పొయ్యి మీద పోపు ఆగదు.

కాబట్టి ఆ పనంతా రోజు మోతాదులో కలపాలి. బట్టలు ఉతికిన రోజు నడక సగం. ఇంటికి చుట్టాలొచ్చిన రోజు నడక లేదు, టెన్స్ పెట్టుకునే వంట. పనులను కూడా నడకలాగే ముక్కలు చేయొచ్చు. దండెం భుజాల ఎత్తుకు దింపాలి. ఐదు బట్టలు ఆరేసి, చేతులు కిందికి వదిలేసి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ ఐదు. పిండి మిక్సీలోనో గ్రైండర్‌లోనో. తడిగుడ్డ పొడుగు కర్రకు. కూరలు తరగడం కుర్చీలో కూర్చుని బల్ల మీద. కత్తిపీట ముందు బాసింపట్టు వేసుకుని అరగంట కూర్చుంటే లేచేటప్పుడు తొడలకు, నడుముకు పెద్ద బరువు పడుతుంది. ఇంట్లో మిగతావాళ్లు ఏ పనులు తీసుకోవాలో కూడా ఈ లెక్కే చెబుతుంది: బిగబట్టేవి, బరువు దించేవి. బిందెలు దించడం, గ్యాస్ బండ జరపడం, పరుపులు మడతపెట్టడం ఆమెవి కాకూడదు. ఇది ఆమె మీద దయ చూపడం కాదు. ఆమె నడక ఆగకుండా ఉండాలంటే ఇంటికి ఇదే దారి.

బలం పెంచే వ్యాయామం

నడక ఒక దారికొచ్చాక బలం సంగతి. స్వీడన్‌లో 130 మంది స్త్రీలతో 15 వారాలు, వారానికి రెండుసార్లు చేయించిన పరిశోధన 2015లో వచ్చింది. ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 40 శాతంతో మొదలుపెట్టి, ఎవరి ఓపికను బట్టి వాళ్లకు పెంచుతూ 80 శాతం దాకా తీసుకెళ్లారు. బలం పెరిగింది, నొప్పి కూడా తగ్గింది. 80 దాకా వెళ్లారన్నది కొందరు పట్టుకుంటారు. నన్ను ఆకట్టుకున్నది 40తో మొదలుపెట్టడం.

ఇంట్లో అయితే కుర్చీలోంచి లేచి నిలబడటంతో మొదలుపెట్టొచ్చు. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచాలి. చేతులు తొడల మీద ఆనించి లేవాలి, దిగేటప్పుడు కుర్చీ చేతులు పట్టుకోవాలి. నాలుగు సార్లు చాలు. ఒక్కోసారికి మధ్య నాలుగైదు సెకన్లు కూర్చుని తొడను పూర్తిగా వదులు చెయ్యాలి. ఈ విరామాన్ని అందరూ మింగేస్తారు, టకటకా పది తీసేస్తారు, మూడో రోజు తొడలు పట్టేస్తాయి. తర్వాత మోచేతులు మడవడానికి అరలీటరు నీళ్ల సీసా. ఒక చెయ్యి చేస్తుంటే రెండోది విశ్రాంతి. ఒక రోజు చేస్తే రెండు రోజులు ఆగాలి. తేలికనిపిస్తే మొదట సంఖ్య పెంచాలి, తర్వాత దిండు ఒకటి తియ్యాలి, రెండూ ఒకే వారం వద్దు.

నొప్పి తెలియకుండా చేస్తే ప్రమాదం కాదా?

నొప్పి శరీరం చేసే హెచ్చరిక, దాన్ని కరెంటుతో కప్పేసి నడిపిస్తే లోపల ఏదో దెబ్బతింటుంది కదా అని అడుగుతారు. మోకాలి లిగమెంటు తెగినవాళ్ల విషయంలో ఈ భయం సబబే. ఫైబ్రోమయాల్జియాలో నొప్పిని మోసే వ్యవస్థే అతిగా స్పందిస్తోంది. కండరం చిరిగినందువల్ల వచ్చే నొప్పి కాదు ఇది. పైగా టెన్స్ తగ్గించేది ఒకటి రెండు అంకెలే, మిగతా నొప్పి తెలుస్తూనే ఉంటుంది. అయినా ఈ సందేహంలో నేను ఒప్పుకునే భాగం ఒకటుంది. టెన్స్ పెట్టుకున్న రోజు హుషారుగా అనిపించి 6 నిమిషాలకు బదులు 15 నడిచేసేవాళ్లు ఉంటారు. అందుకే నడక ఎంతసేపో ముందే నిర్ణయించుకోవాలి. గడియారం ఆగమన్నప్పుడు ఆగాలి, బాగుందని పొడిగించకూడదు.

అసలు ఇది ఫైబ్రోమయాల్జియానేనా అన్నది మాత్రం ముందు తేలాలి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, డి విటమిన్ బాగా పడిపోయినా, కొలెస్ట్రాల్ మాత్రలవల్ల కండరాలు నొచ్చినా ఒళ్లు ఇలాగే పీకుతుంది. చికున్‌గున్యా వచ్చిపోయాక నెలల తరబడి ఉండే కీళ్ల నొప్పులు వేరే సంగతి. కీళ్లు వాచినా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నా, ఒక చెయ్యో కాలో బలం తగ్గినా, నడుస్తుంటే గుండెల్లో బరువుగా అనిపించినా పైన చెప్పిన లెక్కలేవీ వర్తించవు. వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

నడకకు ముందు ఒక నొప్పి మాత్ర వేసుకుంటే సరిపోదా అనేవాళ్లు చాలామంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వాపు తగ్గించే మందులు. ఈ జబ్బులో తగ్గించడానికి వాపే లేదు, యూలార్ కూడా వీటిని సూచించలేదు. రోజూ వేస్తే కడుపు, కిడ్నీలు పాడయ్యే ప్రమాదం ఉంది. ఇక ఈ జబ్బుకు రాసే మందుల్లో, ప్రిగాబలిన్ వాడుతుంటే వేసుకున్న తర్వాతి రెండు మూడు గంటల్లో తల తిరగొచ్చు, ఒంటికాలి మీద నిలబడే వ్యాయామాలు ఆ సమయంలో వద్దు. డ్యులోక్సెటిన్ వల్ల కొందరికి చెమట ఎక్కువ పడుతుంది, వాళ్లు మంచినీళ్ల సీసా వెంట ఉంచుకోవాలి. మందుల మోతాదు, వేళ మార్చాలంటే రాసిన డాక్టరే మార్చాలి. కానీ "నేను ఫలానా గంటకు నడుస్తాను, ఈ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?" అని అడిగే హక్కు రోగికి ఉంది.

నొప్పి ఎగసిన వారం

ఎంత జాగ్రత్తగా ఉన్నా నొప్పి ఎగసే వారం వస్తుంది. పెళ్లి ప్రయాణం, రెండు రాత్రులు నిద్ర లేకపోవడం, జలుబు, మనసుకు కష్టం, ఏదైనా చాలు. ఆ వారం నడక పూర్తిగా మానేస్తే మళ్లీ మొదలుపెట్టడానికి నెల పడుతుంది. పట్టుదలగా అంతే నడిస్తే నొప్పి వారంతో పోదు. సగానికి తగ్గించాలి. 10 నిమిషాల దగ్గరుంటే 5, అదీ 1 నిమిషం నడిచి 1 నిమిషం ఆగుతూ, టెన్స్ పెట్టుకునే. బలం పెంచే వ్యాయామం ఆపేయొచ్చు. బయటికి వెళ్లలేకపోతే హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి హాల్లోకి. పుస్తకంలో మూడు అంకెలూ ఆ వారం కూడా రాయాలి. మర్నాటి పొద్దుటి అంకె మామూలుకు వచ్చి మూడు రోజులు నిలిస్తే పాత సమయానికి ఒకేసారి వెళ్లకుండా ఒక్కో నిమిషం కలుపుతూ రెండు వారాల్లో చేరాలి. ఫిజియో దగ్గరికి వెళ్లేది కూడా ఈ వారంలోనే అయితే, బల్ల మీద పడుకోమన్నప్పుడు "ప్యాడ్లు పెట్టి నన్ను ఈ వరండాలోనే నడిపించండి, కరెంటు ఎంత ఉంచాలో నడుస్తుండగా చూద్దాం" అని అడగాలి. కాస్త ఓపికున్న ఫిజియో ఎవరైనా ఒప్పుకుంటారు.